చీటీ వెనక

బారువ,
ఫిబ్రవరి 9.

చిరంజీవి అశ్వినికి, నీ వదిన గౌరీశ్వరి రాసేది.

ఇక్కడ మేమంతా క్షేమం అని మొదలుపెట్టడం ఆనవాయితీ కాబట్టి ఆ మాట రాశాననుకో.

ఫోన్ ఉండగా ఈ కాగితాలేమిటి అంటావని తెలుసు. ఫోన్ మోగగానే మీ అన్నయ్య స్పీకర్ పెట్టమంటాడు. నువ్వు వెనకాల సముద్రం చూపిస్తావు. ఆయన బాగుందంటాడు. మీ ఆయన, శ్రీకర్ అన్నయ్య, ఆ గడ్డి టోపీ పెట్టుకుని వచ్చి చెయ్యి ఊపుతాడు. అంతటితో మాటలు అయిపోతాయి. బారువలో పుట్టిన మనిషికి సముద్రం చూపించడానికి ఎవరైనా ఫోన్ చేస్తారా? అందుకే రాసి, ఫోటో తీసి పంపుతున్నాను. కాగితానికి రెండు వైపులా తీశాను.

చదువు బాగా సాగుతోందని నమ్ముతున్నాను. నలభైకి దగ్గరపడ్డ ఆడమనిషి, నలభై దాటిన మగమనిషి, ఏడో తరగతి మధ్యలో బడి మానేసిన పిల్ల, ముగ్గురూ ఒకే బెంచీ మీద కూర్చుని స్పానిష్ దిద్దుతున్నారంటే ఊళ్లో ఎవరూ నమ్మడం లేదు. గంగమ్మ పిన్ని, "ఆ బాస ఎవులు మాటాడతారే?" అని అడిగింది. ఎవరో మాట్లాడతారు, మనవాళ్లెవరూ కాదు అన్నాను. "మరైతే అది నేర్సుకుని ఏటి సేత్తారు?" అంది. నీ దగ్గర జవాబుంటే రాయి, ఆవిడకి చదివి వినిపిస్తాను.

శ్రీకర్ అన్నయ్య ఉద్యోగం కంప్యూటర్ ఎక్కడ పెడితే అక్కడ నడుస్తుందట కదా. అదృష్టం. మీ అన్నయ్యది అలా కదిలే వ్యవహారం కాదు. మంగళవారం, శుక్రవారం పలాస ఆసుపత్రిలో నాలుగేసి గంటలు డయాలసిస్ మిషను పక్కన పడుకోవాలి. మన దాలయ్యదీ అదే వరస. వల ముట్టుకుని ఆరు నెలలైంది పాపం. ఇద్దరూ ఒకే ఆటోలో వెళ్తూ, నువ్వు నీళ్లు ఎక్కువ తాగావంటే నువ్వు ఎక్కువ తాగావని పలాస దాకా తగువులాడుకుంటారు. రోజుకి ఒక్క సీసా నీళ్లే తాగాలి ఇద్దరూ. కొబ్బరినీళ్లు ముట్టుకోకూడదట, జీడిపప్పు తినకూడదట. ఉద్దానంలో తోటలున్న మనిషికి ఇంకేం మిగిల్చారో నాకు తెలీదు.

చిన్నిని అడిగానని చెప్పు. దానికి తెలుగు ఇంకా వస్తోందనుకుంటాను.

ఇట్లు,
గౌరీశ్వరి


ప్లాయా అమర్గా, కోస్టారికా,
ఫిబ్రవరి 16.

వదినకు నమస్కారం.

నీ ఉత్తరం తరగతిలో కూర్చుని చదివాను. నవ్వొచ్చింది. ఎందుకు నవ్వావని టీచర్ అడిగితే చెప్పేంత స్పానిష్ రాక ఊరుకున్నాను.

గంగమ్మ పిన్నికి చెప్పు. ఈ భాష ఇరవై దేశాల్లో మాట్లాడతారు. శ్రీకర్ కంపెనీకి ఈ వైపు పనులున్నాయి. చిన్ని రేపు ఏ దేశం వెళ్లినా పనికొస్తుంది. అప్పటికీ అర్థం కాకపోతే వదిలెయ్. టెక్కలి దాటి ఎరగని మనుషులకి లోకంలో ప్రతిదీ అనవసరంగానే కనిపిస్తుంది.

మేం ఉండేది దోన్యా ఎల్వీరా అనే ఆవిడ ఇంటి వెనక రెండు గదుల్లో. ఆవిడ వీధి వైపు చిన్న హోటల్ నడుపుతుంది. మన గంగమ్మ పిన్నికి పూల గౌను తొడిగితే అచ్చం ఆవిడే, అదే నోరు. పెరట్లో ఆవిడ తమ్ముడు హోసే రోజంతా కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. గట్టిగా నలభై ఏళ్లుండవు, ఒక పనీ చెయ్యడు. ఇక్కడి మగవాళ్లకి ఎంత సుఖమో అనిపిస్తుంది.

పొద్దున బడి, మధ్యాహ్నం సముద్రం. తరగతిలో మాతోపాటు ఉద్యోగాల్లోంచి దిగిపోయిన కెనడా దంపతులున్నారు. 'నా పేరు ఫలానా' అన్నందుకు ఒకరికొకరు చప్పట్లు కొట్టుకుంటారు. ఒక జర్మనీ కుర్రాడు నన్ను చూసి రెండు చేతులూ జోడించి కళ్లు మూసుకుని, నువ్వు ఇండియా దానివి కాబట్టి నీలో చాలా ప్రశాంతత ఉందన్నాడు. వాణ్ని ఒకసారి మన ఇంటికి తీసుకురావాలి, నీ పక్కన కూర్చోబెట్టడానికి. శ్రీకర్ రోజూ ఐసులో పెట్టిన కొబ్బరిబొండం తాగి, ఇంత మంచి కొబ్బరి జన్మలో తాగలేదంటాడు. ఉద్దానం అల్లుడు అనే మాటేనా అది.

జీడిచెట్లు ఇక్కడా ఉన్నాయి వదినా. మనం గింజ తెంపుకుని పండుని తోటలో పారేస్తాం కదా, వీళ్లు ఆ పండు పిండి పంచదార దిమ్మరించి రసం తాగుతారు. మొదట్లో వెగటనిపించింది. ఇప్పుడు రోజుకి రెండు గ్లాసులు పడాల్సిందే. వచ్చేవారం తాబేళ్లు గుడ్లు పెట్టడం చూపించడానికి తీసుకెళ్తారట.

రెండో ఫోటోలో ఏదో ఆసుపత్రి చీటీ వచ్చింది. పొరపాటున పంపినట్టున్నావు. నేను చదవలేదు.

ఒక్కమాట. నా షుగర్ సంగతి అడ్డురాకపోతే ఈపాటికి నా కిడ్నీ అన్నయ్య ఒంట్లో ఉండేది. నవంబరులో అందరి ముందూ నేనిస్తానన్నది నేనే కదా. విశాఖలో పరీక్షలు చేసి, షుగర్ వచ్చే సూచన ఉంది, ఇవ్వకూడదని డాక్టరంటే నేనేం చెయ్యను. ఆ దిగులు తట్టుకోలేకే ఇంత దూరం వచ్చాం. ఇది నీకు అర్థమవుతుందనుకుంటాను.

అశ్విని


బారువ,
ఫిబ్రవరి 27.

అశ్వినికి,

అర్థమైంది. దిగులు పట్టి సముద్రాలు దాటిన మనిషిని మాత్రం ఇప్పుడే చూస్తున్నాను. మాకు దిగులు పట్టుకుంటే వంట మానేసి ఒక పూట పడుకుంటాం. తర్వాత ఆకలేసి మేమే లేస్తాం.

రెండో ఫోటో పొరపాటున రాలేదు. ఈ ఇంట్లో తెల్ల కాగితం ఎప్పుడు కొన్నారు? నువ్వు లెక్కలు చేసుకున్నది పెళ్లిపత్రికల వెనక, ఎరువుల బిల్లుల వెనక. ఇప్పుడు మీ అన్నయ్య చీటీలు వారానికి రెండొస్తున్నాయి. ఒక పక్క బరువు, బీపీ, క్రియాటినిన్. రెండో పక్క ఖాళీ. పారేయడానికి మనసొప్పక రాస్తున్నాను. నువ్వు చదవకపోయినా నష్టం లేదు, అందులో ఉన్నది స్పానిష్ కాదు.

తాబేళ్లు చూశావా? ఇక్కడ ఒడ్డుకి వచ్చినవాటిని చూసే దిక్కులేక కుక్కలు గుడ్లు తవ్వుకుంటున్నాయి. అవీ ఇవీ ఒకటే జాతట, దాలయ్య చెప్పాడు. నీకు ఆరేళ్లప్పుడు మీ అన్నయ్య భుజాల మీద ఎక్కించుకుని తీసుకెళ్లి చూపించిన తాబేలుని, డబ్బాలాంటి బండెక్కి, టోపీలు పెట్టుకుని, పరదేశులతో కలిసి చూసొచ్చావన్నమాట. సంతోషం.

మీ ఎల్వీరా తమ్ముణ్ని గురించి రాశావు. రోజంతా కుర్చీలో కూర్చునే మగవాళ్లు మన ఊళ్లోనూ ఉన్నారు. పదేళ్ల కిందట కొబ్బరిచెట్లెక్కినవాళ్లే. వాళ్లని చూసి సుఖమని ఎవరూ అనగా వినలేదు.

మీ అన్నయ్య కాళ్లు వాచాయి. చెప్పులు పట్టక నా చెప్పులు వేసుకుని ఆసుపత్రికి వెళ్లొస్తున్నాడు. దాలయ్య అది చూసి ఆటోలో పడీ పడీ నవ్వాడట.

గౌరీశ్వరి


ప్లాయా అమర్గా,
మార్చి 10.

వదినా,

నువ్వు రాసే ప్రతి వాక్యానికీ ఒక సూది ఉంటుంది. నాకు తెలీదనుకోకు.

నన్ను పదో ఏట విశాఖ హాస్టల్లో పడేశారు. అప్పట్నుంచీ ఆ ఊరికి నేను చుట్టాన్నే. సెలవులకి వస్తే, వచ్చావా ఎప్పుడు వెళ్తావు అని ఒకేసారి అడిగేవారు. అలాంటి ఊళ్లో ఇవాళ ఎవరికి జబ్బు చేసినా అందరూ నా వైపే తలతిప్పి చూస్తే ఏమనాలి? ఇంటికొక మంచం, మంచానికొక మనిషి, ఆ మనిషికి వందమంది సలహాలు. ఒకడు పసరంటాడు, ఒకడు విభూదంటాడు, ఒకడు నీళ్లంటాడు, ఒకడు ఎండంటాడు. ఇంత కాలమూ ఒక్కరికీ కారణం తెలీదు, ఒక్కరూ ఊరు వదలరు. జాలిపడి జాలిపడి నాకు విసుగొచ్చేసింది.

ఇక్కడికొచ్చాక హాయిగా ఊపిరి తీసుకుంటున్నాను. ఏడో తారీకున చిన్ని పుట్టినరోజు. ఎల్వీరా మూడు రకాల పాలు పోసి తడిపిన కేకు చేసింది. నోట్లో పెడితే కరిగిపోయింది. చిన్ని స్నేహితులు ముక్క ముక్క తిని ఆటకి పోతే మిగతాది నేనే లాగించాను. శ్రీకర్ ఫోటో తీశాడు, మూతినిండా మీగడతో.

చిన్ని భలే మాట్లాడేస్తోంది. మేమింకా నిన్నా నేడూ దగ్గరే తడబడుతుంటే అది హోసేతో కూర్చుని గంటలు గంటలు కబుర్లు చెబుతుంది. హోసే సంగతి నేను తప్పుగా రాశాను. అతని చొక్కా కింద పొట్టలోంచి ఒక గొట్టం ఉంది. చిన్ని ఏమిటని అడిగేసింది. ఎల్వీరా ఇంట్లోనే సంచీలో మందునీళ్లు ఆ గొట్టంలోకి ఎక్కించి మళ్లీ దించుతుందట. వీళ్లంతా చెరకు కోసినవాళ్లు. ఇక్కడ చెరకుతోటల్లో పనిచేసిన మగవాళ్లలో చాలామందికి ఇదే. క్రియాతినీనా అని ఆవిడ అనగానే నాకు ఇంకెవరూ చెప్పక్కర్లేకపోయింది. భూమికి ఈ చివరికొచ్చినా ఇదేనా అనిపించి ఆ పూట సముద్రానికి వెళ్లలేదు.

చీటీలు పంపకు. కాగితాలు కావాలంటే ఎవరితోనైనా కొనిపిస్తాను.

అశ్విని


బారువ,
మార్చి 21.

అశ్వినికి,

దాలయ్య పోయాడు. నువ్వు కేకు ఉత్తరం రాసిన రోజే. ఆసుపత్రికి బయల్దేరడానికి చొక్కా తొడుక్కుంటూ గుమ్మంలో కూలబడ్డాడు. శుక్రవారం మీ అన్నయ్య ఆటోలో ఒక్కడే వెళ్లాడు. నేను తోడు వెళ్లాను గానీ నన్ను మనిషికింద లెక్కెయ్యలేదు. కాశీబుగ్గ వచ్చాక, "ఇంక నీల్ల గురించి ఎవులితో తగువాడతాను?" అన్నాడు. అంతే.

నీ ఉత్తరాలన్నీ ఒకచోట పెట్టి చదివాను. నాకు పనేముంది, ఆ నాలుగు గంటలూ బయట బెంచీ మీద కూర్చోవడమే కదా. రోజుకి రెండు గ్లాసులు పంచదార దిమ్మరించిన రసం. మూడు పాల కేకు, ముక్క కాదు, మిగతాదంతా. మూతినిండా మీగడ. షుగర్ వచ్చే సూచన ఉన్న మనిషివి. డాక్టర్ భయపెట్టి పంపిన మనిషివి. మన కన్నమ్మత్తకి షుగరని చెప్పిన రోజు నుంచి ఆవిడ దేవుడి ప్రసాదం కూడా కళ్లకద్దుకుని పక్కనపెట్టేసింది. నీకు భయం తక్కువ కాబోలు. లేకపోతే కోస్టారికా పంచదారలో తీపి ఉండదేమో.

నేనేమీ అనడం లేదు. చదివింది చదివినట్టు రాశాను.

నిన్ను హాస్టల్లో పడేశారన్నావు. పడేసింది మీ అన్నయ్యే. అప్పటికి ఆయనకి ఇరవై. నిన్ను తీసుకెళ్లి దింపి, తోట చూసుకోవడానికి తను వెనక్కొచ్చాడు. ఆ నీళ్లో, ఆ ఎండో, ఏదైతేనేం, నీకు తగలకుండా పోయింది ఆయనకి తగిలింది. నాకూ కాస్త తగిలింది, నాకిప్పుడు క్రియాటినిన్ ఒకటిన్నర. నా రక్తం గ్రూపు కలవలేదు సరే, కలిసినా నాది ఎవరికీ పనికొచ్చేది కాదు. ఈ ఊరు ఎవరూ వదలరని నవ్వావు. ఒకర్ని వదిలించాం కదమ్మా. సరిపోలేదా?

శ్రీకర్ అన్నయ్య తెలివైనవాడు. భార్యనీ పిల్లనీ తీసుకుని, కత్తికి అందనంత దూరంలో బడి చూసుకున్నాడు. ఆయనకి నా నమస్కారాలు.

గౌరీశ్వరి


ప్లాయా అమర్గా,
మార్చి 23.

వదినా,

నన్ను దొంగని చేసి మాట్లాడే హక్కు నీకు ఎవరిచ్చారు? షుగర్ ఉంటే కేకు తిన్నానా, తింటే షుగర్ లేదా? నువ్వు డాక్టరువా? దాలయ్య పోయిన వార్త పక్కన నా కేకు పెట్టి రాస్తావా? ఇంటరు చదివి ఇంట్లో కూర్చున్నందుకు నీకు మిగిలింది ఈ కూపీలు లాగే విద్య ఒక్కటే.

శ్రీకర్ జోలికి వెళ్లకు. ఇంక ఉత్తరాలు రాయకు.

అశ్విని


బారువ,
ఏప్రిల్ 12.

అశ్వినికి,

రాయొద్దన్నావు. రాయడానికీ పెద్దగా లేదు.

వారానికి రెండుసార్లు ఇప్పుడు మూడైంది. మంగళ, గురు, శని. వెనక ఫోటో ఈసారి సరిగా వచ్చినట్టు లేదు.

గౌరీశ్వరి


ప్లాయా అమర్గా,
ఏప్రిల్ 20.

వదినా,

ఈ ఉత్తరం ఆరోసారి మొదలుపెడుతున్నాను. చించేసినవన్నీ చాలా బాగా రాశాను. అందుకే చించేశాను.

నాకు షుగర్ లేదు. డిసెంబరు పరీక్షల్లో అన్నీ కలిశాయి. నేను ఇవ్వొచ్చని డాక్టర్ చెప్పాడు, జనవరి పదిహేడున చివరి పరీక్షలకి రమ్మన్నాడు. పన్నెండున మేం విమానం ఎక్కేశాం. ఆ రిపోర్టు నా సూట్‌కేసు అడుగున, చిన్ని చలికోటు కింద ఉంది. ఈ ఎండల దేశానికి చలికోటు తెచ్చింది దాన్ని కప్పడానికే.

శ్రీకర్‌ని ఏమీ అనకు. స్పానిష్ మాట ఎత్తింది నేను. ఏ భాషైనా ఫర్వాలేదు, ఎంత దూరమైతే అంత మంచిది అన్నాను. అతనికి నా రిపోర్టు సంగతి తెలుసు. నీ ఇష్టం అన్నాడు. నా ఇష్టం అనేసరికి నాకు భయమేసింది. కోత గురించి కాదు. మిగిలేది ఒక్కటే కదా అని. ఆ ఒక్కటీ రేపు పాడైతే? నేనూ మన ఊరిదాన్నే కదా అని. వెళ్లిపోయినదాన్నని అందరికీ గొప్పగా చెప్పుకుంటూ, లోపల మాత్రం ఆ ఊరి జబ్బు నాక్కూడా రాసిపెట్టి ఉందనే అనుకున్నాను.

చీటీలు చదవలేదన్నాను కదా. అన్నీ చదివాను. ఫోటో పెద్దది చేసుకుని, ఒక్కో అంకె. అన్నయ్య బరువు ఏ మంగళవారం ఎంతో నన్నడుగు, చెబుతాను. చివరిది మసకగా వచ్చినా చదివాను.

మొన్న బుధవారం ఏం జరిగిందో రాయాలి. మధ్యాహ్నం హోటల్ కట్టేశాక ఎల్వీరా పెరట్లో చేపలు తోముతోంది. హోసే కుర్చీలో ఉన్నాడు. నేను ఈమధ్య సముద్రానికి వెళ్లడం మానేశాను. ఎందుకు వెళ్లడం లేదని ఆవిడ అడిగింది. చెప్పడం మొదలుపెట్టాను.

తెలుగులో నేనెంత చక్కగా చెప్పేదాన్నో నీకు తెలుసు. డాక్టర్ అన్నది, పిల్ల చిన్నది, ఇంట్లో పరిస్థితి చూసుకోవాలి కదా, ఒకవేళ అలా కాకపోయి ఉంటే, అన్నయ్య కూడా ఒప్పుకోడేమో. మూడు నెలల స్పానిష్‌లో నాకు ఇవేవీ రావు. 'ఒకవేళ' ఇంకా నేర్పలేదు. నాకుంది, నాకు లేదు, నేను వెళ్తాను, నేను ఉంటాను, ఇంతే వచ్చు. అందుకని నా నోట్లోంచి వచ్చింది ఇది.

నా అన్నకి జబ్బు. ఈయన జబ్బే. నా దగ్గర రెండు ఉన్నాయి. మంచివి. అన్నకి ఒకటి కావాలి. నేను ఇక్కడ ఉన్నాను.

చిన్ని పక్కనే కూర్చుని ఉంది. నా మాటల్లో ఒక తప్పుని, పరధ్యానంగా, టీచర్ దిద్దినట్టు దిద్దింది. ఆ తర్వాత దానికి అర్థమైంది. లేచి లోపలికి వెళ్లిపోయింది. మావయ్య అంటే దానికెంత ఇష్టమో నీకు చెప్పాలా.

ఎల్వీరా తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. చేతులు కడుక్కుని, "ఎప్పుడు వెళ్తున్నావు?" అంది. ఇంకేమీ అడగలేదు. హోసే కుర్చీ తిప్పుకుని గోడకేసి కూర్చున్నాడు. ఆ ఇంట్లో అతనికి ఇచ్చేవాళ్లు లేరు వదినా. అందరూ చెరకు కోసినవాళ్లే. వాళ్ల పెరట్లో, రెండు మంచివి పెట్టుకుని, పంచదార రసం తాగుతూ మూడు నెలలు కూర్చున్నాను.

నీ ఉత్తరాలకి నాకు కోపం వచ్చింది గానీ ఒక్కసారీ నువ్వు తప్పు రాశావనిపించలేదు. నిన్ను చదువు గురించి అన్న మాట మాత్రం నా నోరు కాల్చాల్సిన మాట.

మే రెండున బయల్దేరుతున్నాం. నాలుగున విశాఖ. ఆగిపోయిన పరీక్షలకి డాక్టర్‌తో ఫోన్లో మాట్లాడాను, ఆరున రమ్మన్నాడు. అన్నయ్యకి నువ్వే ఎలాగో ఒకలా చెప్పు. నాకు మొహం చెల్లదు.

అశ్విని


బారువ,
ఏప్రిల్ 24.

అశ్వినికి,

నీ ఉత్తరం తిట్టుకుంటూ చదివాను. మళ్లీ ఒకసారి చదివాను, అప్పుడూ తిట్టుకుంటూనే.

నీకొకటి చెప్పాలి. డిసెంబరులో నువ్వు షుగరని ఫోన్ చేశావు చూడు, ఆ ఫోన్ పెట్టేయగానే మీ అన్నయ్య నన్ను పిలిచి, నా చెయ్యి తీసుకుని తన నెత్తి మీద పెట్టుకున్నాడు. "అది అబద్దమాడతంది. సిన్నప్పుడూ అంతే, బయ్యమేత్తే గొంతు సన్నగా వొచ్చీద్ది. దాన్ని నువ్వు అడగొద్దు. ఇంకొకల సేత అడిగించొద్దు. అడిగి తీసుకుంటే ఇచ్చినట్టు కాదు, పీక్కున్నట్టు. నా మీద ఒట్టెయ్యి" అన్నాడు. వేశాను. ఆయన నెత్తి మీద వేసిన ఒట్టు తప్పితే పోయేది ఆయనే కదా. ఎలా తప్పను?

కానీ అడగనని వేశాను. తిట్టనని వెయ్యలేదు. చీటీ వెనక రాయనని వెయ్యలేదు. ఇన్నాళ్లూ నా చేతిలో ఉన్నవి ఆ రెండే. నా ఉత్తరాలన్నీ తీసి చూసుకో, ఒక్కచోటైనా ఇమ్మన్నానేమో, రమ్మన్నానేమో. ఒక్కో కాగితం రాశాక రెండుసార్లు చదువుకుని, అడిగినట్టు లేదని గట్టిచేసుకున్నాకే ఫోటో తీసేదాన్ని.

నీకు నా మీద కోపం పోవడానికి ఇంకొకటి రాస్తాను. ఇది ఎవరికీ తెలీదు. నా గ్రూపు కలవలేదని చెప్పిన రోజు, ఆసుపత్రిలో అందరి ముందూ ఏడ్చాను. ఇంటికొచ్చి రెండుసార్లు అన్నం పెట్టుకుని తిన్నాను. అంత రుచిగా ఎన్నడూ తినలేదు. అప్పట్నుంచి నిన్ను తిట్టిన ప్రతి తిట్టులోనూ సగం నాదే. అందుకే అంత బాగా కుదిరాయి.

శ్రీకర్ అన్నయ్యని అన్న మాటలు వెనక్కి తీసుకుంటున్నాను, టోపీ గురించి అన్నది తప్ప. ఆ జర్మనీ కుర్రాణ్ని తీసుకురాకు. ఎల్వీరాకి మన తోట జీడిపప్పు పంపే దారేదైనా ఉంటే కనుక్కో. ఆవిడ తమ్ముడికి పెట్టొద్దని మాత్రం చెప్పు, ఆవిడకి తెలిసే ఉంటుంది. చిన్నిని ఏమీ అనకు. అది నీతో మాట్లాడకపోతే కొన్నాళ్లు అలాగే ఉండనివ్వు, తప్పులేదు.

మీ అన్నయ్యకి నేను చెప్పను. నువ్వే చెప్పాలి. ఆ ఎల్వీరాకి చెప్పినట్టు చెప్పు, ఆ అయిదారు మాటలే. చివరి మాట ఒక్కటి మారిందంతే. మధ్యలో మన తెలుగేమీ కలపకు.

ఈసారి రెండో ఫోటో లేదు. పలాసలో ఆటో ఆపించి తెల్ల కాగితాల పుస్తకం కొన్నాను. మీ అన్నయ్య, "అదెందుకే మనకి?" అన్నాడు. రాసుకోవడానికి అన్నాను.

మంగళ, గురు, శనివారాలు మేం ఎలాగూ పలాసలోనే ఉంటాం. విశాఖ నుంచి ఏ రైలుకి దిగుతావో రాస్తే నేను స్టేషన్‌కి వస్తాను. రమ్మనడం లేదు, గుర్తుపెట్టుకో. నేను వస్తానంటున్నాను.

నీ వదిన,
గౌరీశ్వరి